క్లాసులో గలగలా మాట్లాడే నేను కెమెరా ముందు ఎందుకు బిగుసుకుపోతున్నాను?

ఈసారి ఉత్తరం శ్రీకాకుళం జిల్లా నుంచి. రాసినావిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. వయసు 46, సర్వీసు 21 ఏళ్లు. ఊరూ పేరూ వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు కుదించి చెబుతాను.

పదో తరగతి పిల్లల కోసం సబ్జెక్టు టీచర్లతో వీడియో పాఠాలు చేయించాలని వాళ్ల దగ్గర అనుకున్నారు. జీవశాస్త్రం అనగానే అందరూ ఈవిడ పేరే చెప్పారట. ఎందుకు చెప్పరు? ప్రసరణ పాఠం వచ్చిందంటే మాంసం కొట్టు నుంచి మేక గుండె తెచ్చి, బల్ల మీద పెట్టి, గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం బృహద్ధమనిలోకి చీపురుపుల్ల దూర్చి, గుండెను నిలువునా కోసి, ఆ పుల్ల ఏ గదిలో తేలిందో పిల్లల చేతే చెప్పించే మనిషి. ‘ఆ రోజు వెనక బెంచీ వాళ్లు కూడా బల్ల చుట్టూ మూగుతారు’ అని రాశారు. 2020లో బడులు మూసేసినప్పుడు కూడా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టి రోజూ పాఠం చెప్పారు. అప్పుడు ఏ టెన్షనూ లేదట.

రికార్డింగు రోజు మాత్రం కథ వేరు. గదిలో ట్రైపాడ్, రెండు పెద్ద లైట్లు, ఒక కుర్రాడు. ‘రెడీ మేడం. కొంచెం నవ్వండి మేడం. స్టార్ట్.’ ఈవిడ పాఠం మొత్తం వాక్యం వాక్యం రాసుకుని బట్టీ పట్టి వెళ్లారు. మూడో వాక్యం దగ్గర మాట ఆగిపోయింది. మళ్లీ మొదలు. మళ్లీ అక్కడే. 17 టేకులు, 12 నిమిషాల పాఠానికి రెండున్నర గంటలు. ‘చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు సార్. ఇన్నేళ్లూ ఈ చేతులతోనే కదా పాఠం చెప్పాను!’

ఆ రాత్రి వీడియో చూసుకుని ఏడ్చారు. గొంతు కీచుగా ఉందట. తర్వాత నెల రోజులు ఇంట్లో ఫోన్ చేత్తో పట్టుకుని ప్రాక్టీసు చేశారు. అందులో ముక్కు లావుగా కనిపించి ఉన్న కాస్త ఉత్సాహమూ పోయింది. దీనికి తోడు ఎవరో ఆ రికార్డింగులోంచి 15 సెకన్ల ముక్క కోసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పడేశారు. అందులో ఈవిడ ‘ఏటయిందంటే’ అని, వెంటనే నాలుక కరుచుకుని ‘ఏమైందంటే’ అని దిద్దుకుంటారు. కింద వరసగా నవ్వు బొమ్మలు.

బీటెక్ చదివే కొడుకు ‘అమ్మా, ముందు యాస మార్చుకో, మధ్యమధ్యలో ఇంగ్లీషు కలుపు, కావాలంటే సొంత చానెల్ పెట్టేద్దాం’ అంటున్నాడు. భర్త ‘ఎందుకొచ్చిన గొడవ, ఒంట్లో బాగోలేదని రాసిచ్చేయ్’ అంటున్నారు. ఈవిడ అడుగుతున్నది: తప్పుకోవాలా? డబ్బు కట్టి ఎక్కడైనా శిక్షణ తీసుకోవాలా? అసలు ఈ వయసులో కెమెరా ముందు ధైర్యం వస్తుందా?

ఉత్తరం చివర, సంతకం కింద, ఇంకో వాక్యం ఉంది. ‘తొమ్మిదో తరగతి గుంట ఒకర్తి రోజూ వచ్చి, మేడం మీ వీడియో ఎప్పుడొస్తాది అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు.’

*

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో ‘ధైర్యం’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. పచ్చి గుండెను చేత్తో పట్టుకుని 40 మంది పిల్లల ముందు కోసే మనిషికి ధైర్యం లేదంటే నేను నమ్మను. మీకు ఆ గదిలో కరువైంది ధైర్యం కాదు, ఎదురుగా ఒక మనిషి.

క్లాసులో మీరేం చేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుండె పై గది చూపించి కర్ణిక అంటారు. మూడో బెంచీలో ఒకడి కనుబొమలు ముడిపడతాయి. మీకు తెలియకుండానే ఆ మాట ఇంకోసారి, ఇంకోలా చెబుతారు. ఎవరో ఆవులిస్తే గొంతు పెంచుతారు. ఎవరో తల ఊపితే ముందుకు వెళతారు. మీ పాఠంలో సగం మీరు చెప్పేది, సగం వాళ్ల మొహాలు చెప్పించేది. ఆ నల్లటి గాజుబిళ్ల ముందు ఆ రెండో సగం ఎగిరిపోయింది. తల ఊపేవాళ్లు లేరు. దాని బదులు బట్టీ పెట్టుకున్న కాగితాన్ని పట్టుకుని వేలాడారు. బట్టీ పెట్టిన వాక్యంతో ఉన్న చిక్కేమిటంటే, ఒక్క మాట జారితే వెనకాల ఉన్నవన్నీ జారిపోతాయి. పిల్లలకు మీరే చెబుతుంటారు కదా, బట్టీ పెట్టకండిరా అని!

వాట్సాప్ పాఠాలప్పుడు టెన్షన్ లేకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నాను. అక్కడ కెమెరా లేదు కాబట్టి అని మీరు రాశారు. నాకు అలా అనిపించడం లేదు. అక్కడ పిల్లలు తిరిగి మాట్లాడేవాళ్లు. ‘మేడం అర్థం కాలేదు’ అని ఎవరో ఒకరు అనేవాళ్లు. మీరు ఫోన్‌తో మాట్లాడలేదు, ఆ పిల్లతోనో పిల్లాడితోనో మాట్లాడారు.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక చానెల్లో రైతుల కార్యక్రమానికి మొదటిసారి కూర్చున్నాను. వరి మొదళ్లలో చేరి రసం పీల్చే సుడిదోమ గురించి చెప్పాలి. నాకు బాగా తెలిసిన విషయమే. ఎర్ర లైటు వెలగగానే నోరు ఎండిపోయింది. ‘రైతు సోదరులారా’ అన్న తర్వాత ఏమీ లేదు. ఐదారుసార్లు అలాగే అయింది. కెమెరా పట్టుకున్న పెద్దాయన విసుక్కోకుండా, లెన్సు పక్కనుంచి తల బయటపెట్టి, ‘సార్, మా బావ చేలో కూడా అదే పడింది. ఇంతకీ ఏం చెయ్యమంటారు?’ అన్నాడు. నేను ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి, గాలీ వెలుతురూ మొదళ్లకు తగలాలి, నీళ్లు తీసి చేను ఆరబెట్టాలి, ఇలా నాలుగు నిమిషాలు ఆగకుండా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన ‘అయిపోయింది సార్’ అన్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. నేను మర్చిపోయాను. ఆయనకు బావ ఉన్నాడో లేడో ఇప్పటికీ నాకు తెలియదు.

కాబట్టి ముందుగా ఒకటి. మీకు కావలసింది లెన్సు దగ్గర ఒక మొహం. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. అంతకు ముందు మిమ్మల్ని ఏడిపించిన ఆ వీడియో మాట తీద్దాం, ఎందుకంటే అందులో మీ తప్పు కానివి చాలా ఉన్నాయి.

గొంతు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది, గాల్లోంచి ఒకటి, పుర్రె ఎముకల్లోంచి ఒకటి. ఎముకల దారిలో వచ్చేది బరువుగా ఉంటుంది. రికార్డింగులో ఆ రెండోది ఉండదు, అందుకే పలచగా, కీచుగా అనిపిస్తుంది. జీవశాస్త్రం టీచరుకు ఇది నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, కానీ మన దాకా వచ్చేసరికి పాఠాలు గుర్తుండవు. 21 ఏళ్లుగా పిల్లలు విన్న గొంతు అదే. దానికి ఎవరూ చెవులు మూసుకోలేదు.

మొహం. మీరు రోజూ చూసుకునేది అద్దంలో, అంటే కుడి ఎడమలు తారుమారైన మొహం. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు కొందరు కాలేజీ అమ్మాయిలకు వాళ్ల ఫొటోలే రెండు రకాలుగా చూపించారు, ఒకటి మామూలుది, ఒకటి అద్దంలోలా తిప్పి అచ్చువేసింది. అమ్మాయిల్లో ఎక్కువమందికి అద్దం మొహమే నచ్చింది. వాళ్ల స్నేహితులకేమో మామూలుదే నచ్చింది. అలవాటైన మొహం అందంగా ఉంటుంది, అంతే. వీడియోలో మీకు వింతగా కనిపించిన మనిషి మీ పిల్లలకు రోజూ కనిపించే మేడమే.

ఇక ముక్కు. ఫోన్ చేత్తో పట్టుకుని తీసుకున్నారు కదా, తప్పు దూరానిది. లెన్సుకు ఏది దగ్గరగా ఉంటే అది పెద్దగా పడుతుంది. మొహంలో ముందుకు పొడుచుకుని ఉండేది ముక్కే. ముక్కు ఆపరేషన్ల కోసం సెల్ఫీలు పట్టుకుని వచ్చేవాళ్లను చూసి అమెరికా డాక్టర్లు కొందరు 2018లో లెక్కగట్టారు. 12 అంగుళాల దూరంలో తీస్తే, ఐదడుగుల దూరంలో తీసినప్పటి కంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ఫోన్‌ను ఐదడుగుల అవతల పెట్టండి, మీ ముక్కు మీకు తిరిగి వచ్చేస్తుంది.

ఇంకో మాట. రికార్డు చేసిన రాత్రే చూడకండి. రెండు రోజులు ఆగి, మొదట ఫోన్ బోర్లా పెట్టి గొంతు మాత్రమే వినండి, ఎక్కడ తొందరపడ్డారో తెలుస్తుంది. తర్వాత సౌండ్ తీసేసి చేతులూ కళ్లూ చూడండి. రెండూ కలిపి చివర్లో చూడండి. ఒకేసారి చూస్తే ఎవరికైనా ‘ఛీ’ అనే అనిపిస్తుంది.

ఇప్పుడు యాస. మీ ఉత్తరంలో అసలు ముడి ఇక్కడే ఉందని నా అనుమానం. 17 టేకుల్లో ఎక్కువసార్లు మీరు ఆగింది మూడో వాక్యం దగ్గరే అన్నారు. ఆ వాక్యం కూడా రాశారు, ‘మానవ హృదయము నాలుగు గదులను కలిగియుండును.’ క్షమించాలి, 21 ఏళ్లలో ఒక్కసారైనా క్లాసులో ఇలా మాట్లాడారా? ‘మన గుండికాయలో ఎన్ని గదులున్నాయిరా?’ అని ఉంటారు. కెమెరా చూడగానే మీ మాట మీకు నామోషీ అనిపించి, ఇంకెవరి మాటో అరువు తెచ్చుకున్నారు. అరువు చొక్కా భుజాల దగ్గర పట్టేస్తుంది. ఆ 15 సెకన్లలో జనం నవ్వింది ‘ఏటయిందంటే’ అన్నందుకు అనుకుంటున్నారు మీరు. మీరు నాలుక కరుచుకోకుండా ఉంటే ఆ ముక్క కోయడానికి వాళ్లకు ఏమీ దొరికేది కాదు.

మన సినిమాలు ఉత్తరాంధ్ర మాటను ఏళ్ల తరబడి నవ్వించే పాత్రల నోట్లోనే పెట్టాయి. ఆ అలవాటు మీ స్టాఫ్‌రూమ్ దాకా వచ్చింది. అది మీరు బాగుచేయాల్సిన లోపం కాదు. అయితే పూర్తిగా మీ యాసలోనే చెప్పాలా అంటే, దానికీ ఒక లెక్క ఉంది. పరీక్షలో రాయాల్సిన మాటలు, కర్ణిక, గుండె కింది గది జఠరిక, ఎడమవైపు ఆ రెండు గదుల మధ్య తలుపు ద్విపత్ర కవాటం లాంటివి, పుస్తకంలో ఉన్నట్టే పలకండి, బోర్డు మీద రాయండి. ఆ మాటల చుట్టూ అల్లేది మాత్రం మీ మాటే కానివ్వండి. మీ జిల్లా పిల్లలకే అయితే అసలు ఆలోచించక్కర్లేదు. రాష్ట్రమంతా వెళ్లే పాఠమైతే, అనంతపురం పిల్లాడికి ‘బేగి’ అంటే కొత్తగా ఉండొచ్చు, వెంటనే ‘తొందరగా’ అని కలిపితే సరిపోతుంది, ఒక మాట నేర్చుకుంటాడు కూడా. పూర్తిగా పుస్తకాల తెలుగులోకి మారితే ఎవరూ నవ్వరు, నిజమే. ఎవరూ చివరి దాకా చూడకపోవచ్చు కూడా. మీ అబ్బాయి చెప్పినట్టు ఇంగ్లీషు కలిపితే ఇంగ్లీషు మీడియం పిల్లలకు పనికొస్తుంది, కానీ అవసరమున్న చోట ఆ పదం చెప్పడం వేరు, గొప్ప కోసం చల్లడం వేరు. తేడా మీకు తెలుసు.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం.

తప్పుకోవడం ఒక దారి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మంచి టీచర్లందరూ మంచి వీడియోలు చెయ్యాలని రూలు లేదు. కానీ ఒంట్లో బాగోలేదని రాసివ్వకండి. ఆ అబద్ధాన్ని ఏడాది పొడుగునా మోయాలి, పైగా రేపు నిజంగా జ్వరం వచ్చినా ఎవరూ నమ్మరు. ‘నేను పాఠం తయారు చేసి ఇస్తాను, ఇంకొకరు చెబుతారు’ అనండి. అప్పుడు మీ పనితనం వీడియోలో ఉంటుంది, మీరు ఉండరు. మేక గుండె ఇంకొకరు కోస్తుంటే చూడగలరా? ఆ ప్రశ్నకు జవాబు మీకే తెలియాలి.

రెండోది, మొహం లేకుండా చేయడం. ఫోన్‌ను బల్ల మీదికి వంచి బిగించి, కింద ట్రేలో గుండె, మీ చేతులు, మీ గొంతు. అంతే. జీవశాస్త్రానికి ఇది రాజీ పడటం కూడా కాదు. ఎడమ జఠరిక గోడ కుడి దాని కంటే ఎంత మందంగా ఉందో వేళ్ల మధ్య పట్టి చూపిస్తుంటే మీ మొహం ఎవరికి కావాలి? చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న సమస్యా తీరిపోతుంది. ఇబ్బంది ఒకటే, అన్ని పాఠాలకూ గుండె ఉండదు. వారసత్వం లాంటి పాఠంలో 12 నిమిషాలు ఉత్త చేతులు చూపిస్తే పిల్లలు జారుకుంటారు. ఇంకోటి కూడా, ఇది అలవాటైతే మొహం చూపించే రోజు ఎప్పటికీ రాదు. రాకపోయినా ఫర్వాలేదనుకుంటే హాయిగా ఇదే చేయండి.

మూడోది, క్లాసు జరుగుతుండగా వెనక నుంచి తీయడం. మీకు అన్నిటికంటే సులువు ఇదే. కానీ చూసేవాడికి కష్టం. 2014లో ముగ్గురు పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించారు. క్లాసులో తీసిన ఉపన్యాసాలను ముక్కలు చేసి పెట్టినా, వీడియో కోసమే చేసిన పాఠాలంతగా చూడలేదని తేలింది. ఆ క్లాసులో కూర్చోని వాడికి అది పక్కింటి పెళ్లి వీడియో లాంటిది. పైగా పిల్లల మొహాలు పడతాయి, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. ఆ పరిశీలనలోనే మీకు పనికొచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. ఆరు నిమిషాలు దాటిన వీడియోను విద్యార్థులు చివరి దాకా చూడటం తగ్గిపోయింది. పెద్ద స్టూడియోలో ఖర్చుపెట్టి తీసినవాటి కంటే టీచరు తన బల్ల దగ్గర కూర్చుని చెప్పినవాటినే ఎక్కువసేపు చూశారు. ఉత్సాహంగా, కాస్త వేగంగా మాట్లాడేవాళ్లను కూడా. అంటే మీ 12 నిమిషాల పాఠం రెండు ముక్కలు కావాలి, ఆ రెండు పెద్ద లైట్ల గది మీకు అక్కర్లేదు.

నాలుగోది, ఆ గుంట. మీ వీడియో కోసం రోజూ అడిగే పిల్ల. తనకు ఇంకా ప్రసరణ పాఠం రాలేదు కదా, తొమ్మిదో తరగతి. అంతకంటే మంచి శ్రోత మీకు దొరకదు. ఫోన్ స్టాండు వెనకాల, లెన్సు పైనే తన మొహం వచ్చేలా ఎత్తు పీట వేసి కూర్చోబెట్టండి. పక్కకు కాదు, పక్కన కూర్చుంటే మీ కళ్లు పక్కకు చూస్తున్నట్టు పడతాయి. తనకు చెప్పాల్సింది ఒకటే: అర్థమైతే తల ఊపాలి, కాకపోతే మొహం చిట్లించాలి, నోరు మాత్రం విప్పకూడదు. ఇక మీరు తనకు పాఠం చెప్పండి. దీనికీ కొన్ని ఇబ్బందులున్నాయి. ఇంట్లో అడిగి రమ్మనాలి, ఒంటరిగా కాకుండా ఇంకో స్నేహితురాలిని తోడు తెచ్చుకోమనాలి, తన చదువు గంటలు పోకూడదు. ప్రతిసారీ పిల్ల దొరకదు కూడా. నాలుగైదు వీడియోల తర్వాత తన ఫొటో ఒకటి లెన్సు పైన అంటించినా మీకు సరిపోతుంది. మొగ్గు ఎటు అంటే నేను ఇటే చూపిస్తాను. రెండోదీ నాలుగోదీ కలిపి చేయొచ్చు కూడా: మొదటి నిమిషం మీ మొహం, తర్వాత చేతులు, చివర మళ్లీ మీరు.

డబ్బు కట్టే శిక్షణ గురించి అడిగారు. కొందరికి పనికొస్తుంది. కానీ చాలా చోట్ల నేర్పేది యాంకర్ల మాట, యాంకర్ల నవ్వు. మీరు అక్కడికి వెళితే ఇంకో అరువు చొక్కాతో తిరిగి వస్తారేమోనని నా భయం. ముందు ఇంట్లో ఐదు వీడియోలు చేసి, అప్పటికీ ఏదో ఒకటి కొరుకుడు పడకపోతే దానికోసం మాత్రం వెళ్లండి.

చూసి చదవడానికి మాటలు తెర మీద చూపించే ప్రాంప్టరు సంగతి. ఫోన్లోనే అక్షరాలు పైకి పాకే యాప్‌లు ఉన్నాయి, మీ అబ్బాయి పెట్టిస్తాడు. దగ్గరగా పెడితే కళ్లు ఎడమ నుంచి కుడికి పరిగెత్తడం కనిపించిపోతుంది, దూరంగా పెట్టి అక్షరాలు పెద్దవి చేసి వరుస సన్నగా ఉంచితే కొంత నయం. నన్నడిగితే మీకు అవసరం లేదు. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్‌కు ప్రాంప్టరు లేదు, ఆ తర్వాత చాలా ఏళ్లు కూడా లేదు. కాగితం చేతిలోనే ఉండేది. కిందికి చూడటం, పైకి ఎత్తి చెప్పడం. చూసేవాళ్లకు అది తప్పుగా అనిపించలేదు. మీరూ ఒక అట్ట ముక్క మీద ఐదు మాటలు రాసుకోండి, వాక్యాలు వద్దు. ‘చీపురుపుల్ల, నాలుగు గదులు, మందం గోడ, కవాటం, లబ్‌డబ్.’ మర్చిపోతే కిందికి చూడండి. చూడటాన్ని దాచకండి.

ఇక సామాను. అక్షరాలా మీ స్కూల్లో ఉన్నదాంతోనే అయిపోతుంది. కిటికీకి ఎదురుగా మీరు కూర్చోండి, కిటికీ మీ వెనక ఉంటే మొహం నల్లగా పడుతుంది. ఫోన్ వెనక కెమెరా వాడండి, ముందు దాని కంటే బాగుంటుంది, పైగా మీ బొమ్మ మీకు కనిపించదు. మాట్లాడుతూ మనల్ని మనం చూసుకోవడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. లెన్సు మీ కళ్ల ఎత్తులో ఉండాలి, పుస్తకాల దొంతర చాలు. తెర మీద మీ మొహం దగ్గర వేలు నొక్కి పట్టి ఉంచితే చాలా ఫోన్లలో వెలుతురూ ఫోకస్ కదలకుండా నిలిచిపోతాయి, మబ్బు వచ్చినప్పుడల్లా మీరు నల్లబడి తెల్లబడరు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకండి.

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం చూడరు. కాబట్టి డబ్బు పెట్టేదేమైనా ఉంటే చిన్న కాలర్ మైక్ మీద పెట్టండి. దాన్ని చీర అంచుకు కాకుండా జాకెట్టుకు పెట్టుకోండి, గొలుసు తగలకుండా. గాజులు తీసి పక్కన పెట్టండి. గాజుల చప్పుడు మనకు వినపడదు, మైకుకు వినపడుతుంది. ఫ్యాను ఆపాల్సిందే. అందుకే పొద్దున్న ఏడు లోపు పెట్టుకోండి: బడి నిశ్శబ్దంగా ఉంటుంది, చెమట పట్టదు, తూర్పు కిటికీ ఉంటే వెలుతురూ మెత్తగా ఉంటుంది. సన్న చారల చీర కెమెరాలో మిణుకుమంటుంది, సాదా రంగు కట్టుకోండి. కళ్లజోడులో కిటికీ మెరుస్తుంటే కుర్చీని కొంచెం పక్కకు తిప్పండి. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఎవరితోనైనా గట్టిగా మాట్లాడండి, టీ కాచే ఆవిడతో ఐనా సరే. మొదటి టేకు పారేయడానికే అనుకోండి. మధ్యలో తడబడితే మొదటికి వెళ్లకండి, రెండు క్షణాలు ఆగి ఆ వాక్యం మళ్లీ చెప్పండి, మీ అబ్బాయి తడబడిన ముక్క కోసేస్తాడు. 17 టేకుల శిక్ష మీకు పడింది ఇది ఎవరూ చెప్పకపోవడం వల్లే.

గ్రూపులో పడ్డ ఆ ముక్క. ఊరుకుంటే నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు, మీరు తప్ప. గ్రూపులోనే జవాబిస్తే ఇంకో 30 మెసేజ్‌లు వస్తాయి. పెట్టినవారెవరో మీకు తెలుసని ఉత్తరంలో మీ మాటల్ని బట్టి అర్థమవుతోంది. స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరే ఉన్నప్పుడు ‘అది తీసేయండి సార్, నాకు బాధ కలిగింది’ అనండి. కారణాలు చెప్పకండి, గొంతు పెంచకండి. చాలామంది అక్కడికే తల దించుకుంటారు. దించుకోకపోతే హెడ్మాస్టరుకు ఒక కాగితం ఇవ్వండి, ఆ రికార్డింగు బయటికి ఎలా వచ్చిందన్నది ఆయన అడగాల్సిన ప్రశ్నే. దానివల్ల కొన్నాళ్లు స్టాఫ్‌రూమ్‌లో మాటలు తగ్గుతాయి. అది భరించగలరో లేదో మీరే చూసుకోవాలి.

మీ ఆయన మీద మీకు కోపంగా ఉంది. ఆయన మిమ్మల్ని చేతకానిదానివి అనలేదు. ఏడుస్తుంటే చూశారు, ఏడుపు ఆపే దారి తనకు తెలిసింది చెప్పారు. మొదటి మంచి టేకు వచ్చాక ఆయనకు చూపించండి. అప్పుడేమంటారో చూద్దాం.

సొంత చానెల్ మాట మాత్రం ఇప్పుడే వద్దు. మీరు ప్రభుత్వ ఉద్యోగి, 1964 నాటి ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుంది, డబ్బు వచ్చే పని ఏదైనా ముందుగా అనుమతి అడగాలి. అబ్బాయి ఉత్సాహాన్ని ఎడిటింగు వైపు మళ్లించండి.

మాంసం కొట్టులో పైన గొట్టాలు కోసేయకుండా ఇమ్మని అడగండి, ఇది మీకు నేను చెప్పాలా? అన్నట్టు, గుండెలు రెండు కొనండి. మొదటి టేకు పారేయడానికే అన్నాను కదా.